నడిమి సీటు మనిషి

ఐక్యరాజ్య సమితిలో ఫలానా తీర్మానంపై ఓటింగుకు భారత్ దూరం అని పేపర్లో చిన్న వార్త కనబడితే చాలు, నాకు ఆయన గుర్తుకొస్తాడు. ఈమధ్య ఏళ్లలో ఆ వార్త ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టే ఓపిక నాకు లేదు. అక్కడ యుద్ధం ఆగదు, ఇక్కడ ఓటింగులు ఆగవు, మనవాళ్లు దూరంగా ఉండడమూ ఆగదు. ఆ వార్త పక్కనే ఇంకొకటి ఉంటుంది, భద్రతా మండలిలో మనకు శాశ్వత స్థానం ఇవ్వాలని ఏదో ఒక దేశం మద్దతు పలికిందని. నేను ఆదోనిలో ఒక హైస్కూల్లో సోషల్ మాస్టర్ని. ఉద్యోగంలో చేరిన కొత్తలోనూ ఎవరో మద్దతు పలికారు. ఇంకొన్నాళ్లలో రిటైరవుతాను, ఇప్పుడూ ఎవరో పలుకుతూనే ఉన్నారు. ఆ పాఠం చెప్పీ చెప్పీ నాకు విసుగు పుట్టింది. ఆయనకు మాత్రం ఆ వార్త చదివిన ప్రతిసారీ కొత్తగానే సంబరం.

మొన్న పోయాడు. ఎమ్మిగనూరు బస్టాండులో ఆదోని బస్సు ఎక్కుతుంటే, టికెట్టు కొట్టకముందే కండక్టరు చెప్పాడు, మీ జతగాడు పోయినాడంట సార్ అని. వెంటనే నాకేమీ అనిపించలేదు. అలవాటు కొద్దీ ముగ్గురు కూర్చునే సీట్లో కిటికీ పక్కకు జరిగి కూర్చున్నాను. బస్సు ఊరు దాటేదాకా నా పక్క చోట్లో ఎవరూ కూర్చోలేదు. అప్పుడు దుఃఖం వచ్చింది. వచ్చిందని చెప్పుకోడానికి సిగ్గెందుకు, వచ్చింది.

ఆయనది గోనెగండ్ల దగ్గర ఒక పల్లె. పొద్దున్నే ఎమ్మిగనూరు వచ్చి, నాతోపాటు ఆదోని బస్సు ఎక్కేవాడు. బస్సంతా ఖాళీగా ఉన్నా సరే, ముగ్గురి సీట్లో నడిమి చోటే ఆయనది. కిటికీ పక్కకు జరగన్నా, గాలొస్తుంది అని మొదట్లో నేను బతిమాలేవాణ్ణి. జరిగితే కదా. కిటికీ కాడ కూచుంటే ఒక్కడే దొరుకుతాడు సారూ, నడిమిట్ల కూచుంటే ఇద్దరు దొరుకుతారు అనేవాడు. అటు కూర్చున్నవాడికీ ఇటు కూర్చున్నవాడికీ వక్కాకు పంచేవాడు. ఆకును మధ్యకు చించి, రెండు ముక్కలూ కంటి ముందర పెట్టుకొని సరిచూసి మరీ ఇచ్చేవాడు. ఒకడికి కాస్త పెద్ద ముక్క పోయిందంటే ఆదోని చేరేదాకా ఆయన మనసు కుదుటపడదు.

ఇదంతా వేషమని మొదట్లో అనుకున్నాను. కాదు, మనిషే అంత. బస్టాండు ముందర ఎదురెదురుగా రెండు టీ హోటళ్లున్నాయి. పొద్దున ఒకదాంట్లో తాగేవాడు, సాయంత్రం ఇంకోదాంట్లో తాగేవాడు. ఏ హోటల్లో టీ బాగుంటుందన్నా అని అడిగితే, వాళ్లదీ బాగుంటాది, వీళ్లదీ బాగుంటాది అని చల్లగా జారుకునేవాడు. ఓటు ఎవరికేసినావన్నా అంటే, యేసినా సారూ అనేవాడు. అంతే. కావాలంటే చూడండి అన్నట్టు వేలి మీద సిరా చుక్క చూపించేవాడు. ఇంట్లో అత్తాకోడళ్లకు మాటామాటా వస్తే వక్కాకు సంచి చంకలో పెట్టుకొని వీధిలోకొచ్చేసేవాడట. ఆ సంగతి చెప్పింది ఆయన భార్యే. ఈ మనిషితో కాపురమూ ఒకటే, గోడతో కాపురమూ ఒకటే అని ఆమె నా ఎదుటే అంటే, ఆయన నొచ్చుకోలేదు. ఆయమ్మ మాటా నిజమే సారూ అన్నాడు.

చేసే పని కూడా అలాంటిదే. ఎద్దుల బేరగాడు. ఎమ్మిగనూరు జాతరలో పశువుల సంత సాగే రోజుల్లో ఆయన్ని చూడాలి. అమ్మేవాడు ఒక పక్క, కొనేవాడు ఒక పక్క, మధ్యలో ఈయన. భుజం మీది తువ్వాలు తీసి చేతి మీద కప్పుకొని, దాని కింద అమ్మేవాడి వేళ్లు పట్టుకునేవాడు. ఏ వేలు పడితే ఎంత ధరో, ఎలా నొక్కితే ఎంత తగ్గినట్టో వాళ్లకు తెలుసు. చుట్టూ నిలబడ్డవాళ్లకు తువ్వాలు కదలడమే కనబడుతుంది. తర్వాత ఇటు తిరిగి కొనేవాడి వేళ్లు పట్టుకునేవాడు. నోటితో మాత్రం వానల గురించి మాట్లాడుతూనే ఉండేవాడు. నలుగురి ముందర నోటితో అడిగితే ఎవుడూ తగ్గడు, టువాల కింద ఐతే పరువు పోదు కాబట్టి తగ్గుతాడు అని ఆయన సిద్ధాంతం. కర్ణాటక తట్టు నుంచి వచ్చినవాళ్లతో కన్నడం మాట్లాడేవాడు, ఆదోని పట్నంలో ఉర్దూ మాట్లాడేవాడు. ట్రాక్టర్లు వచ్చాక ఎద్దుల బేరాలు పలచబడ్డాయి. అప్పటినుంచి ఆదోని పత్తి మార్కెట్లో రైతుకూ కొనేవాడికీ మధ్య తిరగడం మొదలుపెట్టాడు. తువ్వాలు మాత్రం భుజం దిగలేదు.

పేపరు ఆయన ఏనాడూ కొన్న పాపాన పోలేదు. నాది చదివేవాడు. మిగతావాళ్లు సినిమా పేజీ అడుగుతారు, పత్తి ధర అడుగుతారు. ఈయన విదేశాల పేజీ అడిగేవాడు. రష్యాకూ ఉక్రెయిన్‌కూ యుద్ధం మొదలైన దగ్గర్నుంచీ నా పేపరు నా చేతిలో నిలవలేదు. వాళ్లతో మాట్లాడినాం, వీళ్లతోనూ మాట్లాడినాం, వాళ్ల కాడ చమురు కొన్నాం, వీళ్లకు మందులు పంపినాం అని చదివి, తన సంత లెక్కలో దాన్ని అర్థం చేసుకునేవాడు. మనోళ్లు గూడా టువాల కిందనే మాట్లాడతాండారు, అందుకే పైకి ఏమీ కనపడదు అని ఒకరోజు గొంతు తగ్గించి చెప్పాడు, బస్సులో ఎవరైనా గూఢచారులున్నారేమో అన్నట్టు. చాలాసార్లు తప్పులు మాట్లాడేవాడు. ఉక్రెయిన్‌కు సముద్రం లేదని నాతో వాదించాడు. భద్రతా మండలి స్విట్జర్లాండులో ఉంటుందన్నాడు. నేను సరిచేస్తే, అట్లనా సారూ, మీదీ కరెక్టే అనేవాడు. మీదీ అన్నాక ఇంక వాదించడానికి ఏం మిగులుతుంది?

నాకు ఒళ్లు మండేది. ఒకడు ఇంకొకడి ఇంట్లో జొరబడి కొడుతుంటే ఇద్దరూ కూర్చొని మాట్లాడుకోండి అనడం ఏం న్యాయమన్నా, తప్పు చేసినవాణ్ణి తప్పు చేశావని అనాలా వద్దా అని గొంతు చించుకునేవాణ్ణి. ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగి చూసేవాళ్లు. ఆయనకు కోపం రాదు. కొట్టేటోని చెయ్యి ఎవురో ఒకరు పట్టుకోవల్ల కదా సారూ, తిట్టినోనికి చెయ్యి ఇస్తాడా అనేవాడు. ఆ మాటకు నాకు జవాబు దొరికేసరికి ఆదోని వచ్చేసేది.

భద్రతా మండలి అంటే ఆయనకు అంత మోజెందుకో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. వాళ్ల పల్లెలో చావిడి ముందర ఒక నల్లబండ ఉంది, కూర్చొని కూర్చొని నున్నగా అరిగిపోయిన బండ. ఊళ్లో తగువొస్తే ఐదిళ్ల పెద్దలు దానిమీద కూర్చుంటారు. ఆ ఐదిళ్లు ఏనాడో కుదిరిపోయినవి. తండ్రి పోతే కొడుకు కూర్చుంటాడు. ఐదుగురిలో ఒక్కరు తల అడ్డంగా ఊపినా తీర్పు లేదు. ఈయన తాత కర్ణాటక నుంచి ఎద్దులు తోలుకొచ్చి ఆ ఊళ్లో నిలిచిపోయినవాడు. అందుకని మూడు తరాలైనా ఆ ఊరికి వీళ్లు వలసొచ్చినోళ్లే. ఏ తగువు తెగాలన్నా ఈయన్నే పిలుస్తారు. అటూ ఇటూ తిరిగి మాటలు మోసేదీ ఈయనే, చివరికి రాజీ కుదిర్చేదీ ఈయనే. కూర్చునేది మాత్రం కింద, గోనెసంచి మీద. పెద్దలెవరైనా ఊళ్లో లేకపోతే, రావయ్యా ఇట్లా కూచో అని బండ చివర కాస్త చోటిస్తారు. వాళ్లు రాగానే లేపుతారు.

"మన దేశాన్ని గూడా రెండేండ్లు కూచోబెట్టి లేపుతారంట కదా సారూ" అన్నాడు ఒకనాడు నా పేపరు మడుస్తూ.

అవునన్నా, కొందరు అలా వంతులవారీగా కూర్చొని లేస్తారు, ఆ ఐదుగురు మాత్రం లేవరు అని చెప్పాను. ఇంకొకణ్ణి ఎప్పుడు ఎక్కనిస్తారు అని అడిగాడు. ఆ ఐదుగురిలో ఏ ఒక్కరూ అడ్డుపడకపోతే అన్నాను.

"ఒప్పుకుంటారులే. అందరితోనూ మంచిగా ఉంటే ఎందుకు ఒప్పుకోరు?"

ఆ మాట దేశం గురించి అన్నాడో తన గురించి అన్నాడో నేను అడగలేదు. అడగాల్సిన అవసరం కూడా లేకపోయింది. ఆ ఎండాకాలంలోనే ఐదుగురిలో ఒక ముసలాయన పోయాడు. ఆయనకు మగపిల్లలు లేరు. బండ మీద ఒక చోటు ఖాళీ అయింది. వచ్చే ఉగాదికి ఈయన్ని కూర్చోబెడతారని ఊళ్లో మాట పుట్టింది. మిగిలిన నలుగురిలో ముగ్గురు ఎవరైనా సరే అన్నారు. నాలుగో ఆయన చూద్దాం అన్నాడు. చూద్దాం అన్నాడు సారూ, కాదనలే అని ఈయన వారం రోజులు నాతో అదే మాట చెప్పాడు.

ఆ చూద్దాం అన్నాయనకు ఒక తమ్ముడుండేవాడు. తమ్ముడు చనిపోతే అతని భార్య ఈరమ్మ, ఒక కూతురు, కొంచెం చేను మిగిలాయి. చేనులోనే చిన్న ఇల్లు. కూతురికి పెళ్లి చేసి పంపాక ఈరమ్మ ఒక్కతే అందులో ఉండేది. రోడ్డు మీదికి రావాలంటే బావగారి చేను గట్టు వెంబడి ఒక బండిబాట ఉంది. అది కాదంటే వానకు పారే వంకలో దిగి, అవతలి గడ్డ ఎక్కి, చుట్టూ తిరిగి రావాలి. నీ చేను నాకు కౌలుకిమ్మని బావ అడిగాడు. నా చేను నేనే చేసుకుంటా బావా అని ఈరమ్మ అంది. అంతే, కొన్నాళ్లకు బాటకు అడ్డంగా ముళ్లకంప పడింది. బాట నా చేనులోది, ఇన్నాళ్లూ పోనీలే అని నడవనిచ్చినా అని బావ చెప్పుకొచ్చాడు.

అసలు సంగతి మా నడిమి సీటాయనకు తెలుసు. ఆయనే బస్సులో చెప్పాడు. అన్నదమ్ములు భాగాలు పంచుకున్న రోజు ఈయన అక్కడే ఉన్నాడట. వాళ్ల నాయన చేతికర్రతో నేలమీద గీత గీసుకుంటూ పోయి, ఇది సిన్నోని బాట, వాని బండి పోవల్ల, వాని పిల్లల బండి పోవల్ల అని చెప్పాడట. ఇదంతా నోటిమాటే. ఆ రోజు అక్కడ నిలబడ్డ పెద్దవాళ్లంతా పోయారు. మిగిలింది ఆ బావ, ఈయన. మరి ఆ మాట చెప్పొచ్చు కదన్నా అన్నాను. అన్నతోనూ నాకు మంచే, ఆయమ్మతోనూ మంచే అంటూ నడిమి సీట్లో సర్దుకొని కూర్చున్నాడు.

ఆ ఏడు వానలు గట్టిగా పడ్డాయి. ఈరమ్మ కూతురు కాన్పుకు తల్లి దగ్గరికి వచ్చింది. ఒకరోజు మిట్టమధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. వంక నిండుగా పారుతోంది. అంబులెన్సు వచ్చి కంప అవతల ఆగిపోయింది. బావ మనుషులు గట్టు మీద నిలబడ్డారు. ఊళ్లోవాళ్లు చేరారు గానీ ఒక్కడూ కంప ముట్టలేదు. పెద్దమనిషి వేయించిన కంప, ఎవడు ముడతాడు? ఈయన ఆ రోజు ఆదోని రాలేదు. నేరుగా బావ ఇంటికి పోయి అరుగు మీద కూర్చున్నాడట. మంచినీళ్లడిగి తాగాడట. కోడెలు ఎట్లున్నాయన్నా అని విచారించాడట. అవతల ఆ పిల్ల నొప్పులు పడుతోంది, ఈయన కోడెల గురించి మాట్లాడుతున్నాడు. తర్వాత తువ్వాలు తీసి చేతిమీద కప్పుకొని బావ చెయ్యి పట్టుకున్నాడు. ఏం అడిగాడో, ఏం ఇస్తానన్నాడో ఆ ఇద్దరికే తెలుసు. కాసేపటికి బావ లేచి, తీయండ్రా అని కేకేశాడు. అంబులెన్సు లోపలికి పోయి ఆ పిల్లను తీసుకొని ఎమ్మిగనూరు ఆస్పత్రికి వెళ్లింది. ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం.

మర్నాడు బస్సులో ఆయన ముఖం చూడాలి.

"ఉక్రెయిన్ యుద్ధంలోంచి మన సదువుకునే పిల్లోళ్లు జెండా పట్టుకొని బయటికి రాలేదా సారూ? రెండు తట్లా మాట్లాడేటోడే తేగలడు. మీ మాదిరి ఒకన్ని తిట్టుకుంటా కూచుంటే తెచ్చేటోళ్లమా?"

నేను కాదనలేదు. కాదనాలని కూడా అనిపించలేదు. ఇన్నాళ్లూ ఈ మనిషిని ఎన్ని మాటలన్నానో అనిపించి, టీ తాగుదాం రా అన్నా అని పిలిచాను. ఆ పూట వంతు ఏ హోటలుదో చూసుకొని అందులోకే తీసుకెళ్లాడు. టీ తాగుతుండగా అడిగాను, ఇప్పుడు బాట తెరిచే ఉందా అని. లేదు, మళ్లీ యేసినాం అన్నాడు. యేసినాం అంటే ఎవరన్నా అన్నాను. గ్లాసు కింద పెట్టి అరచేతులు చూపించాడు. నిండా ముళ్లు గీరిన గీతలు.

"నేనూ ఒక కొమ్మ పట్టినా సారూ. బండి పోయేంత వరకే అని మాట ఇచ్చినా కదా. మాట తప్పితే రేపు నన్నెవురు నమ్ముతారు?"

ఆ చేతుల్ని చూసి మెచ్చుకోవాలో తిట్టాలో తెలియక బడికి ఆలస్యమవుతోందని లేచి వచ్చేశాను.

చేలల్లో పత్తికాయలు పగిలాయి. బండి రాదు కాబట్టి ఈరమ్మ పత్తి మూటలు నెత్తిన పెట్టుకొని వంకలో నడుస్తోందని ఊళ్లోవాళ్లు చెప్పుకున్నారు. చివరికి ఆమె చావిడి దగ్గర పంచాయితీ పెట్టించింది. ఈ బాట తెరవకపోతే వచ్చే ఏడు నేను చేను చేయలేను, అది మీరే చూడాలని పెద్దలకు చెప్పుకుంది. ఆదివారం రాండి సారూ, మా ఊరి భద్రతా మండలి సూద్దురు గానీ అని ఆయన నన్ను పిలిచాడు. నవ్వుతూనే పిలిచాడు, గొంతులో మాత్రం దిగులుంది. వెళ్లాను. మాస్టర్నని నాకు ప్లాస్టిక్ కుర్చీ వేశారు. ఆయన గోనెసంచి మీదే కూర్చున్నాడు. బండ మీద నలుగురున్నారు, ఐదో చోటు ఖాళీగా ఉంది. ఆ నలుగురిలో బావ కూడా కూర్చున్నాడు. తన తగువుకు తానే తీర్పరి. అదేంటని అడిగినవాడు లేడు, నేనూ అడగలేదు.

ఈరమ్మ చెప్పాల్సింది చెప్పింది. బావ చెప్పాల్సింది చెప్పాడు. పెద్దల్లో ఒకాయన ఈయన వైపు తిరిగి, భాగాల పొద్దు నువ్వుండావని ఈయమ్మ అంటాంది, ఏమి జరిగింది అని అడిగాడు. ఈయన లేచాడు. తువ్వాలు తీసి చేతిమీద కప్పుకున్నాడు. ఎద్దుల బేరం కుదిర్చినట్టు ఈ బాట తగువును కూడా తువ్వాలు కింద తెంపుదామనుకున్నాడు ఆ మనిషి. ముందు బండ దగ్గరికి పోయి బావ చెయ్యి పట్టుకొని ఏదో అడిగాడు, ఏదో విన్నాడు. తర్వాత ఈరమ్మ దగ్గరికొచ్చాడు. ఆడమనిషి చెయ్యి తువ్వాలు కింద పట్టుకోవడం ఏ సంతలోనూ లేదు. జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఈయన చెయ్యి చాపకుండా తువ్వాలు కొస మాత్రం ఆమె వైపు పట్టుకున్నాడు. నువ్వు ఎంతకు తగ్గుతావో నాకొక్కనికే సెప్పమ్మా అన్నట్టు. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

"నాకు టువాల వద్దన్నా. మా మామ గీత గీసినాడా లేదా? నువ్వు సూసినావా లేదా? అది నోటితో సెప్పు, సాలు."

ఆయన ఈరమ్మ వైపు చూశాడు. బావ వైపు చూశాడు. బండ మీది ఖాళీ చోటు వైపు కూడా చూశాడు, నేను చూశాను. చెప్తాడనుకున్నాను. మనసులో చెప్పన్నా చెప్పన్నా అనుకుంటూ కుర్చీ అంచుకు వచ్చేశాను.

"ఇద్దురూ నాకు కావాల్సినోళ్లే. ఒక ఇంటి మనుషులు. కూచోని మాట్లాడుకుంటే తెగనిదేముంటాది?"

ఈరమ్మ తిట్టలేదు. శాపనార్థాలు పెట్టలేదు. ఆయన ముఖంలోకి చూసి, కొంగు దులుపుకొని వంక వైపు నడిచిపోయింది. మీరు మీరు మాట్లాడుకోండి, మళ్లీ సూద్దాం అని పెద్దలు కూడా లేచారు. మళ్లీ చూసింది లేదు.

రోడ్డు మీదికి వచ్చేదాకా నేను ఓపికపట్టాను. తర్వాత నోటికొచ్చినట్టు తిట్టాను. ఒక్క మాట, చూసినానని ఒక్క మాట, చెప్తే నీ సొమ్మేం పోయేది అన్నాను. చోటు పోయేది సారూ అంటాడనుకున్నాను. ఆయన ఆ మాట అనలేదు.

"సెప్పింటే నేను ఒక తట్టు పడిపోతా సారూ. పడినోన్ని మళ్లా ఎవురు పిలుస్తారు? రేపు ఇంకొక ఆడబిడ్డకు నొప్పులొస్తే కంప ఎవురు తీపిస్తారు?"

మరి ఈ ఆడమనిషి సంగతేంటి అన్నాను. తువ్వాలు మడత పెట్టాడు, విప్పాడు, మళ్లీ మడత పెట్టాడు. బస్సు వచ్చింది, ఎక్కేశాను.

ఆ తర్వాత ఉగాది వచ్చింది. బండ మీద ఈయన్ని కూర్చోబెట్టలేదు. వేరే ఇంటి కుర్రాణ్ణెవణ్ణో కూర్చోబెట్టారు. అడ్డం పడింది ఈరమ్మ బావే. నా పక్క మాట్లాడనోడు నా పక్కన కూచునేదేంది అన్నాడట. అయ్యో, ఈయన ఏమీ చెప్పకుండా ఊరుకున్నది ఆ పెద్దమనిషికి చాలలేదు. తన తట్టు అబద్ధం చెప్పి ఉండాల్సిందన్నమాట. ఈ సంగతి ఆయన నాతో చెప్పినప్పుడు ముఖంలో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది. ఇన్నేళ్ల బేరాల్లో ఇలాంటి బేరగాడు ఆయనకు ఎదురుపడలేదేమో.

ఉగాది అయ్యాక కైరుప్పలలో రెండు వర్గాలు పిడకలతో కొట్టుకునే పండగకు ఆయన ఏటా పోయేవాడు. తలలు పగిలినా సాయంత్రానికి అంతా ఒకటైపోతారని మురిసిపోతూ వచ్చి చెప్పేవాడు. ఆ ఏడు పోలేదు. ఎందుకన్నా అంటే, ఇసురుకున్నోళ్లిద్దరూ ఒకటైతారు సారూ, నడిమిట్ల పోయేటోనికి తగిలిందే తగిలింది అన్నాడు. అది ఆయన నోట నేను విన్న మొదటి కష్టపు మాట.

అప్పటినుంచి పేపరు అడగడం తగ్గింది. నేనే మడిచి ఒళ్లో పెడితే చూసేవాడు. గాజా వార్తలు మొదలయ్యాయి. అక్కడా మనవాళ్లు వీళ్లతో మాట్లాడారు, వాళ్లకు మందులు పంపారు. వెనకటిలా అయితే ఎగిరి గంతేసేవాడు. ఊరికే చదివి పక్కనపెట్టాడు. మనకు శాశ్వత స్థానం ఇవ్వాలని ఇంకో దేశం మద్దతు పలికిన రోజు మాత్రం ఒక మాట అడిగాడు, వీళ్లంతా మద్దతు అంటాండారు గదా సారూ, లేసి సోటిచ్చేటోడు ఎవుడన్నా ఉండాడా అని. పిల్లలకు చెప్పే పాఠంలో దానికి జవాబు లేదు. అక్కడికి కొన్నాళ్లకు ఆయన బస్సుకు రావడం మానేశాడు. ఒంట్లో బాగాలేదని కండక్టరు చెప్పాడు. పోయి చూడాలి, పోయి చూడాలి అనుకుంటూ ఉండగానే ఆ మనిషి పోయాడు.

మొన్న ఆదివారం వాళ్ల పల్లెకు పోయాను. ఇంటి ముందర షామియానా కింద కుర్చీలు వేశారు. ఆయన భార్య లోపల చాప మీద కూర్చొని ఉంది. పలకరించి బయటికొచ్చాను. అరుగు మీద ఈరమ్మ బావ కూర్చొని వచ్చినవాళ్లందరికీ చెబుతున్నాడు, ఆయప్ప బతికినన్నాళ్లు ఎవురినీ ఒక మాట అనలేదు, అట్లాంటి మనిషి మళ్లా పుట్టడు అని. నిజంగానే కళ్లు తుడుచుకున్నాడు. వచ్చినవాళ్లు తలలూపారు.

ప్రహరీ బయట ఒక ఆడమనిషి నిలబడి ఉంది. తలగుడ్డకు పత్తి పోగులు అంటుకొని ఉన్నాయి. దగ్గరికి పోయాక ఈరమ్మ అని గుర్తుపట్టాను. ఆమెకూ నేను గుర్తున్నాను, కుర్చీలో కూచున్న సారు కదా అంది. ఏం మాట్లాడాలో తెలియక మనవరాలు ఎట్లుందమ్మా అన్నాను. అంగన్వాడీకి పోతాంది సార్ అంది. బాట సంగతి ఏమైందని అడిగాను.

"తెరిసినారు సార్. సేను బావకే కౌలుకిడిసినా కదా, ఇంక వాళ్ల బండికి బాట కావల్ల. ఇప్పుడు నేను గూడా ఆ బాటలోనే పోతాండా, వాళ్లకు పత్తి తీయను. కూలికి."

కోపంగా అనలేదు. ఏడుస్తూనూ అనలేదు. అలసిపోయిన మనిషి అన్నట్టే అంది. కాసేపు ఇంటి వైపు చూసి మళ్లీ నా వైపు తిరిగింది.

"ఆ బిడ్డ బతికింది ఆయప్ప వల్లనే. సేను పోయిందీ ఆయప్ప వల్లనే. లోపలికి పోయి అక్క కాడ ఏడ్సల్లనా, ఇట్లే ఎనక్కి పోవల్లనా అని పొద్దున్నుంచి ఈడ్నే నిలబడినా. మీరు సదువుకున్నోళ్లు. ఆయప్ప మంచోడా కాదా, మీరు సెప్పండి సార్."

నోటిదాకా మాట వచ్చింది. అరుగు మీంచి ఆమె బావ మా వైపే చూస్తున్నాడు. లోపల్నుంచి ఆయన భార్య ఏడుపు వినబడుతోంది. ఈరమ్మ కళ్లు నా ముఖం మీదనుంచి తీయలేదు. బస్సుకు టైమైందమ్మా అని చెప్పి రోడ్డు మీదికి వచ్చేశాను.